ముప్పయ్యో పుట్టినరోజుకి స్కాట్లాండ్ రోడ్ ట్రిప్: మొత్తం చుట్టు తిరగాలా, సగం చాలా?

మిర్యాలగూడ, ఇప్పుడు మాంచెస్టర్:

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ. పోయిన సెప్టెంబర్‌లో ఉద్యోగం మీద మాంచెస్టర్ వచ్చాను. మే మూడో వారంలో నాకు ముప్పై ఏళ్ళు నిండుతాయి. నల్లగొండలో నాతో డిగ్రీ చదివిన దోస్తు మహబూబ్‌నగర్ నుంచి వస్తానంటోంది. తనకూ ఈ ఏడే ముప్పై. ఎప్పటికైనా ఇద్దరం కారేసుకొని స్కాట్లాండ్ తిరగాలని కాలేజీ రోజుల నుంచీ అనుకుంటున్నాం. మాంచెస్టర్‌లో కారు అద్దెకు తీసుకొని, నార్త్ కోస్ట్ 500 మొత్తం తిరిగి, వీలైతే స్కై దీవి కూడా చూసుకొని 6 రోజుల్లో వెనక్కి రావాలని ప్లాన్. ఇద్దరికీ ఇండియా లైసెన్సులే ఉన్నాయి. ఇద్దరు ఆడపిల్లలు తెలియని దేశంలో కారులో తిరుగుతారా అని అమ్మకు ఒకటే టెన్షన్. ఈ దారి తెలిసినవాళ్ళు కాస్త సలహా ఇవ్వండి.

దేవరకొండ, ఇప్పుడు గ్లాస్గో:

చెల్లె, తప్పకుండా వెళ్ళండి. ఇన్నేళ్ళు మనసులో పెట్టుకున్న కోరిక, ఇంకో ఏడాదికి వాయిదా వేస్తే ఎవరి పెళ్ళో, ఎవరి ఉద్యోగమో అడ్డం పడుతుంది. మే నెల కూడా మంచి కాలం. కానీ ప్లాన్‌లోంచి సగం దారి తీసేయండి. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

నార్త్ కోస్ట్ 500 అంటే ఇన్వర్నెస్‌లో మొదలై మళ్ళీ ఇన్వర్నెస్‌కే వచ్చే 516 మైళ్ళ చుట్టు, మన లెక్కలో 830 కిలోమీటర్లు. మాంచెస్టర్ నుంచి ఇన్వర్నెస్ చేరడానికే దాదాపు ఏడు గంటలు పడుతుంది. పోవడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు తీసేస్తే మిగిలేది నాలుగు రోజులు. నాలుగు రోజులకు 516 మైళ్ళు ఎంతసేపు అనిపిస్తుంది. కానీ ఉత్తరాన, పడమట చాలా దూరం ఒక్క కారు పట్టేంత రోడ్డే ఉంటుంది. గంటకు 30 మైళ్ళు సాగితే గొప్ప. పొద్దున లేస్తే స్టీరింగ్, సాయంత్రం దిగితే నిద్ర. పక్కనే సముద్రం కనిపిస్తున్నా దిగి పది నిమిషాలు నిలబడే తీరిక ఉండదు. పైగా స్కై కూడా కలిపితే ఇద్దరికీ అలసటే మిగులుతుంది. స్కైని, తూర్పు తీరాన్ని ఈసారికి వదిలేయండి. పడమటి ముక్క ఒక్కటి తీసుకొని తృప్తిగా చూడండి.

మాంచెస్టర్ నుంచి రైల్లో ఇన్వర్నెస్ వచ్చి ఆ రాత్రి అక్కడే ఉండండి. కారు కూడా అక్కడే తీసుకోండి. మర్నాడు పడమటి తీరంలోని రేవు ఊరు అల్లాపూల్‌కి 57 మైళ్ళే, దారి కూడా వెడల్పుగా ఉంటుంది కాబట్టి కొత్త కారు చేతికి అలవాటవుతుంది. మధ్యలో కొరీషాలొక్ లోయ దగ్గర తప్పకుండా ఆగండి. పార్కింగ్ నుంచి కొంచెం దూరం నడిస్తే 46 మీటర్ల జలపాతం, దాని పక్కనే లోయ మీద 1874లో కట్టిన వేలాడే వంతెన ఉంటాయి. ఒకేసారి ఆరుగురికి మించి ఎక్కనివ్వరు. మధ్యలో నిలబడితే కాళ్ళ కింద వంతెన మెల్లగా ఊగుతుంది, చెక్కల సందుల్లోంచి అడుగున నీళ్ళు కనిపిస్తాయి.

అల్లాపూల్‌లో మూడు రాత్రులకు ఒకటే ఇల్లు తీసుకోండి, వంట చేసుకునే వీలున్నది. రోజుకో ఊరు మారితే సూట్‌కేసులు సర్దడంతోనే పొద్దు పోతుంది. పుట్టినరోజు ఆ మూడు రాత్రుల మధ్యలో పడేలా చూసుకొని, ఆ రోజు కారు తాళాలు ముట్టుకోకండి. రేవు నుంచి సమ్మర్ ఐల్స్ అనే చిన్న దీవుల వైపు పడవలు తిరుగుతాయి. గాలి ఎక్కువుండి పడవలు ఆపేస్తే ఊరి వెనక కొండ ఎక్కండి, పైనుంచి లోక్ బ్రూమ్ అనే సముద్రపు పాయ అంతా కనిపిస్తుంది. ఆ మర్నాడు ఉత్తరానికి పోయి, లోక్ అసింట్ సరస్సు ఒడ్డున ఆర్డ్‌వ్రెక్ కోట శిథిలాలు, ఆక్‌మెల్విక్‌లో తెల్ల ఇసుక చూసి చీకటి పడకముందే ఇంటికి రావచ్చు. మేలో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది కాబట్టి హడావుడి అక్కర్లేదు. చివరి రోజు గేర్‌లాక్ మీదుగా వెనక్కి వస్తూ పూల్యూ దగ్గర ఇన్వర్యూ తోట చూడండి. మాస్కో కన్నా ఉత్తరాన ఉన్న చోటు అది. అయినా అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం వల్ల వేడి దేశాల మొక్కలు కూడా బతుకుతాయి. మేలో రోడోడెండ్రాన్ పూలు విరగబూస్తాయి.

ఇక లైసెన్స్ సంగతి. నువ్వు ఇక్కడ నివాసం మొదలుపెట్టిన రోజు నుంచి 12 నెలల దాకా ఇండియా లైసెన్స్ మీద బండి నడపవచ్చు. సెప్టెంబర్‌లో వచ్చావు కాబట్టి మేకి ఏ ఇబ్బందీ లేదు. కానీ ఆ గడువు దాటితే ఇక్కడి టెస్టు పాసవ్వాల్సిందే. ప్రొవిజనల్ లైసెన్స్‌కి (మన లెర్నర్ లైసెన్స్ లాంటిది) ఆన్‌లైన్‌లో 34 పౌండ్లు, ఇప్పుడే అప్లై చేసుకో. డ్రైవింగ్ టెస్టుకి తేదీ దొరకడానికే నెలలు పడుతోంది. మీ దోస్తు విజిటర్‌గా వస్తుంది కాబట్టి తనూ ఇండియా లైసెన్స్‌తో నడపవచ్చు. అయితే అసలు కార్డే చేతిలో ఉండాలి. నల్లగొండలో పోలీసులు ఆపితే ఫోన్లో ఎం-వాలెట్ తీసి చూపిస్తాం, ఇక్కడ అద్దె కౌంటర్ దగ్గర అది చెల్లదు. ఇద్దరూ నడపాలంటే ఇద్దరూ కౌంటర్‌కి వెళ్ళి రెండో డ్రైవర్‌గా తన పేరు రాయించాలి. పేరు లేని మనిషి పది నిమిషాలు నడిపినా, ఏమైనా జరిగితే ఇన్సూరెన్స్ చేతులెత్తేస్తుంది.

డిపాజిట్ కోసం చాలా కంపెనీలు డ్రైవర్ పేరు మీద ఉన్న క్రెడిట్ కార్డు అడుగుతాయి. వచ్చి ఏడాది కాలేదు కాబట్టి నీకు ఇక్కడి కార్డు ఉండకపోవచ్చు. ఇండియా కార్డు తీసుకుంటారా అని బుక్ చేసే ముందే ఫోన్ చేసి కనుక్కో. ఇన్సూరెన్స్‌లో 'ఎక్సెస్' అని ఉంటుంది, అంటే ప్రమాదంలో మొదటి కొంత మొత్తం మన జేబులోంచే పోతుంది. దానికి విడిగా పాలసీ ముందే తీసుకుంటే కౌంటర్ దగ్గర కట్టేదాని కన్నా చవక. తీసుకునేటప్పుడు కారు చుట్టూ తిరిగి గీతలు, చక్రాల అంచులు అన్నీ వీడియో తీసి పెట్టుకోండి.

ఇక్కడ కూడా మన దగ్గరలాగే ఎడమ పక్కనే నడపాలి, అదొక నిశ్చింత. రౌండబౌట్ దగ్గర మాత్రం కుడి నుంచి వచ్చేవాళ్ళకు దారి ఇచ్చి తీరాలి. సింగిల్ ట్రాక్ రోడ్ల మీద, అంటే ఒక్క కారు పట్టే రోడ్ల మీద, ప్రతి కొంత దూరానికి 'పాసింగ్ ప్లేస్' అనే తెల్ల బోర్డుతో రోడ్డు కాస్త ఉబ్బి ఉంటుంది. ఎదురుగా కారు కనిపించి, ఆ చోటు నీ ఎడమ పక్క ఉంటే అందులోకి తప్పుకో. కుడి పక్క ఉంటే అటు దాటకు. దానికి ఎదురుగా నీ పక్కనే ఆగితే అవతలి కారే అందులోకి దిగి నిన్ను దాటుకుంటుంది. దాటేటప్పుడు చెయ్యెత్తి పలకరించుకోవడం ఇక్కడి మర్యాద. వెనక ఎవరైనా వస్తుంటే అలాగే ఆగి వాళ్ళను పోనివ్వు, వాళ్ళు డ్యూటీకి పోతున్న నర్సులో, బడి బస్సు డ్రైవర్లో అయి ఉంటారు. ఫొటోల కోసం ఆ చోట్లలో కారు ఆపొద్దు. ఊరివాళ్ళకు టూరిస్టుల మీద కోపం వచ్చేది అందుకే.

పుట్టినరోజు కాబట్టి ఇంకో మాట. మద్యం విషయంలో స్కాట్లాండ్ చట్టం ఇంగ్లండ్ కన్నా గట్టిది, 2014 డిసెంబర్ నుంచి పరిమితి బాగా తగ్గించారు. ఇంగ్లండ్‌లో 100 మిల్లీలీటర్ల శ్వాసలో 35 మైక్రోగ్రాములైతే ఇక్కడ 22. రాత్రి తాగింది పొద్దున టెస్టులో కూడా తేలుతుంది. మీరు తాగుతారని కాదు, ఎవరైనా గ్లాసు చేతికిస్తే గుర్తుండాలని.

అచ్చంపేట, ఇప్పుడు ఆబర్డీన్:

అక్క చెప్పిన దారి చాలా బాగుంది. నేను కొన్ని కలుపుతాను. మన మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటాక శ్రీశైలం ఘాట్‌లో ఎంత జాగ్రత్తగా నడుపుతామో ఇక్కడా అంతే అనుకోండి, మలుపు అవతల ఏముందో కనిపించదు. అక్కడ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు పోనివ్వరు. ఇక్కడ ఆపేవాళ్ళు ఉండరు కాబట్టి మీకు మీరే నియమం పెట్టుకోండి. పొద్దు గూకే వేళ దుప్పులు రోడ్డు మీదికి వస్తాయి. మేలో గొర్రెపిల్లలు తల్లుల పక్కన వెచ్చటి తారు మీదే పడుకుంటాయి. తల్లి ఒక పక్క, పిల్ల ఇంకో పక్క ఉంటే పూర్తిగా ఆపేయండి. పిల్ల తల్లి వైపు ఉరకడం ఖాయం.

పెట్రోల్ సగానికి తగ్గనివ్వకండి. పల్లెల్లో బంకులు దూరం దూరం ఉంటాయి, కొన్నిటి దగ్గర మనిషే ఉండడు, కార్డు పెట్టి మనమే పోసుకోవాలి. ఆకుపచ్చ గొట్టం పెట్రోల్‌ది, నల్లది డీజిల్‌ది.

సిగ్నల్ చాలా చోట్ల ఉండదు, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఇక్కడి సిమ్ నుంచి 999కి ఇంగ్లీష్‌లో 'రిజిస్టర్' అని ఒక మెసేజ్ ఇప్పుడే పంపి, వాళ్ళు అడిగినదానికి జవాబిస్తే నంబర్ నమోదవుతుంది. తర్వాత కాల్ కలవని చోట మెసేజ్‌తో సాయం అడగవచ్చు.

మే చివర నుంచి మిడ్జెస్ అనే కుట్టే పురుగులు మొదలవుతాయి. మన జీడీగల కన్నా చిన్నవి, గుంపులుగా వచ్చి కుడతాయి. గాలి ఉంటే కనిపించవు. గడ్డిలో నడిచి వచ్చాక మోకాళ్ళ వెనక, చీలమండల దగ్గర గోమార్ల లాంటి టిక్స్ ఉన్నాయేమో చూసుకోండి, వాటితో లైమ్ అనే జబ్బు వస్తుంది. అవి తీసే చిన్న పరికరం మెడికల్ షాపుల్లో దొరుకుతుంది.

మిర్యాలగూడ, ఇప్పుడు మాంచెస్టర్:

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. దోస్తుకి చదివి వినిపించాను, స్కై వదిలేయడానికి ఒప్పుకుంది. కానీ బ్యాలఖ్ న బా ఘాట్ రోడ్డు మాత్రం వదలనంటోంది, ఫోన్లో వీడియోలన్నీ అవే. ఇంకొకటి, వాళ్ళమ్మ చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా పంపిస్తానంటోంది. తెచ్చుకోవచ్చా? మా అమ్మకు ఏం చెప్పమంటారు?

దేవరకొండ, ఇప్పుడు గ్లాస్గో:

ఆ మూడూ వద్దని చెప్పు. ఇండియా నుంచి మాంసం, పాల పదార్థాలు ఈ దేశంలోకి తేవడం నిషేధం, నెయ్యి కూడా అందులోకే వస్తుంది. ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. ఆవకాయ, చింతకాయ తొక్కు, కారప్పొడులు, నూనెలో చేసిన సకినాలు తెమ్మను. బియ్యం, పిండి ఇక్కడే కొని కారులో పెట్టుకోండి, పుట్టినరోజు పొద్దున తపాలచెక్క చేసుకోవచ్చు. అద్దె ఇంట్లో తాలింపు పెట్టే ముందు కిటికీ తెరవండి, పొగ అలారం వెంటనే మోగుతుంది. కేక్ ఇన్వర్నెస్‌లోనే కొనుక్కొని బయల్దేరండి, అల్లాపూల్‌లో సూపర్‌మార్కెట్ ఉంది కానీ మనసుకు నచ్చిన కేక్ దొరుకుతుందని చెప్పలేను.

తను ఇంకా వీసాకి అప్లై చేయకపోతే ఆలస్యం చేయొద్దు. ప్రయాణానికి 3 నెలల ముందు నుంచి అప్లై చేయవచ్చు. హైదరాబాద్‌లో వేలిముద్రలు ఇచ్చాక మామూలుగా 3 వారాల్లో చెబుతారు. తన ఉద్యోగం, సెలవు లెటర్, తన బ్యాంక్ స్టేట్‌మెంట్లు బలంగా ఉండాలి. నువ్వు పిలిచావన్న ఉత్తరం ఒక్కటే సరిపోదు. వీసా చేతికి వచ్చేదాకా డబ్బు తిరిగి ఇచ్చే బుకింగులే చేయండి.

బ్యాలఖ్ న బా సముద్రమట్టం నుంచి 626 మీటర్ల దాకా ఎక్కుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు పోవద్దని మొదట్లోనే బోర్డు ఉంటుంది. మీరిద్దరూ ఏళ్ళుగా నడుపుతున్నవాళ్ళైతే, ఆకాశం తేటగా ఉంటే, పొద్దున్నే రద్దీ లేకముందు ఎక్కవచ్చు. మంచు, పొగమంచు, వాన ఏది ఉన్నా వద్దు, పైన ఏమీ కనిపించదు. దిగేటప్పుడు బ్రేకు తొక్కి పట్టకుండా తక్కువ గేర్‌లో దిగండి. ఘాట్ అవతలి ఊరు ఆపిల్‌క్రాస్ చేరాక వెనక్కి అదే ఘాట్‌లో రాకుండా తీరం వెంట షీల్‌డేగ్ మీదుగా రావచ్చు. కాకపోతే దీన్ని కలపాలంటే చివరి రోజు ఇన్వర్యూ తోట వదులుకోవాలి. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి.

అమ్మకు ఏదీ దాచకు. మీరు ఉండే ఇళ్ళ అడ్రసులు, కారు నంబర్, రోజూ ఎటు పోతున్నారో కాగితం మీద రాసి ఫొటో పంపు. పగలు ఫోన్ కలవకపోతే కొండల్లో ఉన్నామని అర్థం, సాయంత్రం ఇంటికి చేరగానే నేనే చేస్తానని ముందే చెప్పు. మేలో మనకూ ఇంటికీ తేడా నాలుగున్నర గంటలు. మిర్యాలగూడలో అర్ధరాత్రి పన్నెండు కొట్టేసరికి ఇక్కడ ముందు రోజు సాయంత్రం ఏడున్నర. అమ్మా నాయినా, చుట్టాలందరూ అప్పుడే ఫోన్ చేస్తారు. ఆ సాయంత్రం ఏడింటికల్లా అల్లాపూల్ ఇంట్లో ఉండండి, ఇల్లు బుక్ చేసేటప్పుడు వైఫై బాగుంటుందా అని యజమానిని అడిగి తెలుసుకో.