వాంతులవుతున్న పాపకు ఓఆర్ఎస్ ఎంత వేగంగా పట్టాలి?

రెండేళ్ల మా పాపకు నిన్నటి నుంచి విరేచనాలు, మధ్యమధ్య వాంతులు. నోరు ఎండిపోతోంది, దాహమని ఏడుస్తోంది. ఉదయం డాక్టరుకు చూపించాము. సెలైన్ ఇప్పుడే అక్కర్లేదని, ఓఆర్ఎస్ పట్టమని చెప్పారు. మగతగా ఉన్నా, మూత్రం ఆగినా, తాగలేకపోయినా వెంటనే తీసుకురమ్మన్నారు.

పొట్లం మీద ఉన్నట్టే మొత్తం పొడిని లీటరు నీళ్లలో కలిపాను. పాళ్లు తప్పితే ఉప్పు ఎక్కువై ప్రమాదమని తెలుసు, అందుకే కొలత దగ్గర రాజీపడలేదు. నా భయమంతా పట్టడం గురించే. కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున 4 గంటల్లో ఇవ్వాలన్నారు. పాప బరువు 12 కిలోలు, అంటే 900 మిల్లీలీటర్లు. గ్లాసు అందిస్తే గటగటా తాగి అంతా కక్కేసింది, ప్రాణం విలవిలలాడింది. 10 నిమిషాలు ఆగి, 2 నిమిషాలకొక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు ఇస్తున్నాను. కడుపులో నిలుస్తోంది. కానీ ఈ లెక్కన 4 గంటలకు 600 మిల్లీలీటర్లే అవుతుంది!

ఇప్పుడు నిమిషానికొక చెంచా చేయవచ్చా? కక్కినంత మళ్లీ అదనంగా పట్టాలా? నిద్రపోతే లేపి తాగించాలా? పిల్లల వార్డులో పనిచేసిన నర్సులు, ఈ అవస్థ పడిన తల్లులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.