బారన్ కథ: చెట్టు కింది ఆత్మను వదిలేస్తే తప్పు ఆటగాడిదా, గేమ్‌దా?

పాతసేవ్‌ఫైల్

విచర్ 3 మళ్లీ మొదలుపెట్టాను. బ్లడీ బారన్ కథ అయిపోగానే పాత కోపం మళ్లీ తన్నుకొచ్చింది. స్పాయిలర్లు బోలెడున్నాయి. గేమ్ వచ్చింది 2015లో, కాబట్టి ఎవరూ నా మీద పడొద్దు.

ఆడనివాళ్ల కోసం క్లుప్తంగా. గేమ్‌లోని వెలెన్ అనే ప్రాంతంలో ఒక సైనికుడు కోట ఆక్రమించుకుని తనకు తనే బారన్‌నని చెప్పుకుంటుంటాడు. పెళ్లాం అన్నా, కూతురు టమారా కనబడట్లేదు, వెతికిపెట్టమని మనం ఆడే పాత్ర, రాక్షసుల్ని వేటాడే గెరాల్ట్‌ని అడుగుతాడు. అన్నా చిత్తడి నేలలో క్రోన్‌లనే ముగ్గురు మంత్రగత్తెల చేతికి చిక్కి, అక్కడి అనాథ పిల్లల్ని చూసుకుంటూ ఉంటుంది. క్రోన్‌లు మనకో పని చెబుతారు. డౌన్‌వారెన్ ఊరి దగ్గర గుట్టలో, ఓక్ చెట్టు వేళ్ల కింద బందీగా ఉన్న ఆత్మ సంగతి తేల్చాలి. లోపలికెళ్తే ఆ ఆత్మ తిరిగి మనతోనే బేరం పెడుతుంది: ఆ పిల్లల్ని క్రోన్‌లు తినేస్తారు, నన్ను వదిలితే కాపాడతాను అని.

వదిలేస్తే పిల్లలు బయటపడతారు. కానీ డౌన్‌వారెన్ జనం చస్తారు. పిల్లలు చేజారినందుకు క్రోన్‌లు అన్నాను నీటి పిశాచిగా మార్చేస్తారు. శాపం తీసినా ఆమె బతకదు, బారన్ ఉరేసుకుంటాడు. ఆత్మను చంపితే పిల్లలు పోతారు, అన్నా మతి తప్పిన మనిషిగా మిగులుతుంది, బారన్ ఆమెను వైద్యం కోసం బ్లూ మౌంటెన్స్ వైపు తీసుకెళ్తాడు.

ఇప్పుడు చెప్పండి. ఇది ధర్మసంకటమా? నాకైతే సమాచారం దాచిపెట్టి ఆడించడంలా ఉంది. పిల్లల్ని కాపాడినవాడికి బహుమానంగా ఉరితాడు చూపించారు. ఆ చెట్టుకీ ఆ ఉరికీ సంబంధం ఉందని ఎంచుకునే ముందు ఒక్కరూ చెప్పరు. అందరూ దీన్ని గొప్ప రచన అని నెత్తిన పెట్టుకోవడం నాకు అర్థం కాదు.

వెండికత్తి

ఒక్కరూ చెప్పరా? ఆ ఆత్మ విడుదలకు ఏమేం అడిగిందో గుర్తుందా మీకు? కాకి ఈక, ఎముకలు, అడవి నల్లగుర్రం. ఇలాంటి సామాను అడిగేవాళ్లను చూస్తే మీకు ఏ అనుమానమూ రాలేదా!

అది చాలదన్నట్టు గేమ్‌లో పుస్తకం ఉంది. క్రోన్‌ల తల్లి గురించి. ఆమెకు పిచ్చి ముదిరి నేలంతా రక్తంతో తడిసిపోతుంటే కూతుళ్లే చంపి చిత్తడిలో పాతిపెట్టారని, ఆమె రక్తం గుట్ట మీది ఓక్ చెట్టును తడిపిందని అందులో రాసుంది. చదివినవాడికి చెట్టు కింద ఉన్నదెవరో అంచనా వేయడం కష్టం కాదు. పుస్తకాలు తెరవకుండా ఎక్స్‌పీ (ఆటలో వచ్చే పాయింట్లు) లెక్కపెట్టుకుని ఆడేవాళ్లు సమాచారం దాచారని అనడం తమాషాగా ఉంది.

రోచ్‌ఎక్కడ

ఆ గుర్రం గురించి మాత్రం ఎవరూ బాధపడరు.

పాతసేవ్‌ఫైల్

వెండికత్తి గారూ, పుస్తకం మీకు ముందే దొరికి ఉండొచ్చు. నేను చెట్టు పని అయ్యాకే చదివాను. ఒక ఊరి ప్రాణాలు నేను ఏ సంచీ ముందు వెతికానన్న దాని మీద ఆధారపడితే దాన్ని అదృష్టం అంటారు. నైతికత అనరు.

పైగా ఆ పుస్తకంలో ఎక్కడా 'దీన్ని వదిలితే బారన్ చస్తాడు' అని లేదే. తల్లి చెడ్డదని తెలిసినా, పిల్లల్ని తినేసేవాళ్లు ఇంకా చెడ్డవాళ్లు కదా అనుకుని వదిలేసేవాడు ఉంటాడు. వాడికి మీ జవాబేంటి?

డైస్20

మధ్యలో దూరుతున్నందుకు సారీ. దీనికంటే డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ గేమ్‌లో మరుగుజ్జుల రాజ్యం ఆర్జమర్ కథ బాగుంటుంది. సింహాసనానికి ఇద్దరు పోటీ. హ్యారోమాంట్ పెద్దమనిషి, మాట మీద నిలబడతాడు. భేలెన్ కుట్రదారు, అన్నల శవాల మీదుగా ఎక్కాలని చూసే రకం. తీరా చివర్లో చూస్తే పెద్దమనిషి పాత కట్టుబాట్లు బిగించి రాజ్యం తలుపులు మూసేస్తాడు, కుట్రదారు కులం లేనివాళ్లకు హక్కులిచ్చి వ్యాపారం తెరుస్తాడు. 2009లో చేశారు ఈ పని.

పాతసేవ్‌ఫైల్

అదీ అంతే కదా! చివరి స్లైడ్లలో చెబితే ఏం లాభం?

వెండికత్తి

అస్సలు అంతే కాదు. ఆర్జమర్ మురికివాడలో తిరిగి, అక్కడి జనంతో మాట్లాడితే ఎవరికి ఏం కావాలో తెలుస్తుంది. మంచి మనిషి మంచి రాజు అవుతాడన్న నమ్మకంతో ఎంచుకుంటే ఆ నమ్మకమే మీకు ఎదురుతిరుగుతుంది. అది మోసం కాదు.

మీకు కావలసింది రెడ్‌క్లిఫ్ లాంటిది. అదే గేమ్. కానర్ అనే పిల్లాడికి దయ్యం పట్టి ఊరంతా అల్లాడుతుంటుంది. పిల్లాడిని చంపడమా, రక్తమాంత్రికంలో తల్లిని బలివ్వడమా అని గేమ్ మన పీక మీద కూర్చుంటుంది. ఇంతలో మూడో దారి: మాంత్రికుల గోపురానికి వెళ్లి సాయం తెచ్చుకో. ఎంత దూరం తిరిగొచ్చినా దయ్యం బుద్ధిగా కూర్చుని ఉంటుంది, ఒక్కడికీ ఏమీ కాదు. పాము చావదు, కర్ర విరగదు. అలాంటి ఎంపికకు బరువేముంటుంది?

విచర్ చేసినవాళ్లు మొదటి గేమ్ నుంచే దీనికి విరుగుడు పెట్టారు. 2007 నాటి దాంట్లో నది ఒడ్డున కాపలా కాసే సరుకును ఎల్ఫ్‌లకు వదిలేస్తే, తర్వాతి అధ్యాయంలో మనకు కావాల్సిన మనిషి ఎల్ఫ్ బాణాలు తిని శవంగా దొరుకుతాడు. అప్పటికి పాత సేవ్ (ఆటను దాచుకున్న చోటు) గంటల వెనకపడి ఉంటుంది. వెనక్కెళ్లి దిద్దుకోలేకపోవడమే ఎంపిక.

మ్యాప్‌తిప్పినోడు

బాల్డర్స్ గేట్ 3 గేమ్‌లో శరణార్థులున్న గ్రోవ్ మీద దాడి చేసి చూడండి, మన జట్టులోని కార్లాక్, విల్ ఇద్దరూ మనల్ని వదిలి వెళ్లిపోతారు. చెడ్డవాడిగా ఆడితే సగం గేమ్ ఖాళీ. 2024లో ఏడో ప్యాచ్‌తో చెడు ముగింపులు కలిపారు కానీ నడిమి భాగం అలాగే ఉంది. దీని మీద మాట్లాడరేం?

రోచ్‌ఎక్కడ

వేరే థ్రెడ్ పెట్టు తమ్ముడూ, అక్కడ కొట్టుకుందాం.

పాతసేవ్‌ఫైల్

వెండికత్తి గారు బాణాల గురించి గొప్పగా రాశారు. నాకు ఆ బాణం నిజంగానే తగిలింది కాబట్టి చెబుతున్నా. నేను పనిచేసిన చోట ఒక ప్రాజెక్టు మధ్యలో నా చేతికిచ్చారు. అంతకుముందు ఏం ఒప్పుకున్నారో, ఎవరికి ఏ మాట ఇచ్చారో చెప్పలేదు. ఉన్న కాగితాలు చూసుకుని ఒక నిర్ణయం తీసుకున్నా. అది బెడిసికొట్టాక పైవాళ్లందరూ గుండ్రంగా కూర్చుని 'ఇది నీ నిర్ణయమే కదా' అన్నారు. మీరన్న మాటే వాళ్లూ అన్నారు: పాత మెయిళ్లలో ఉంది, చదువుకోవాల్సింది. వేల మెయిళ్లు.

అందుకే ఆ పుస్తకం పేరెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. తెలియనివ్వకుండా తప్పు మోపడం నాకు కొత్త కాదు. ఇంటికొచ్చి డబ్బులు పోసి కొన్న గేమ్‌లో కూడా అదే పడాలా?

వెండికత్తి

మీ బాధ అర్థమైంది. అయినా గేమ్ రాసినవాళ్లు మీ పైఅధికారులు కాదు. అక్కడ మీ మీద ఎవరూ తప్పు మోపలేదు. గెరాల్ట్‌ని ఎవరు తిట్టారు? బారన్ ఉరేసుకున్నాడు, అంతే. తప్పు నాదే అనుకున్నది మీరు. ఆ అనుకోవడం కోసమే ఆ క్వెస్ట్ రాశారు, అది మీ మీద పనిచేసింది. పనిచేసిన దాన్ని లోపం అంటున్నారు.

పాతసేవ్‌ఫైల్

పనిచేయడం కాదు, పాతసేవ్ లోడ్ చేసి మంచి ముగింపు తెచ్చుకున్నా. మంచి ముగింపు ఉంది కదా! ఆత్మను చంపు, బారన్ తాగుడు మానేసి పెళ్లాన్ని తీసుకుని కొండలకు వెళ్తాడు. ముందే తెలిస్తే అందరూ అదే ఎంచుకుంటారు. అంటే ఇది సందిగ్ధం కూడా కాదు, సరైన జవాబు ఉన్న పరీక్షే. ప్రశ్నపత్రం మాత్రం ఇవ్వలేదు.

సైడ్‌క్వెస్ట్‌రాణి

పొద్దుట్నుంచీ చదువుతున్నా, ఇక ఆగలేను. అది ఎవరికి మంచి ముగింపు?

పాతసేవ్‌ఫైల్

బారన్ బతికాడు, అన్నా బతికింది. ఇంకెవరికి?

సైడ్‌క్వెస్ట్‌రాణి

ఆ ఇంట్లో వెతికే సీన్ గుర్తుందా? బారన్ మొదట మనకు ఏమీ చెప్పడు. గెరాల్ట్ గదుల్లో తిరిగి చూస్తాడు. గోడకు తగిలించిన పటం ఉండాల్సిన చోట ఉండదు, దాని వెనక గోడకు దెబ్బ తగిలి ఉంటుంది. కొవ్వొత్తి స్టాండు విరిగి ఉంటుంది. వైన్ ఒలికి ఉంటుంది. ఇవి పట్టుకుని వెళ్లి నిలదీస్తేనే నోరు విప్పుతాడు. అప్పుడు కూడా ఏమంటాడు? ఆమె వేరేవాడితో వెళ్లింది, ఆమే రెచ్చగొట్టింది. ఆ వేరేవాడు ఎవాన్‌ని తనే చంపాడు. కడుపుతో ఉన్న మనిషిని కొట్టాడు, బిడ్డ పోయింది. ఆమె అతని బిడ్డను కనడం ఇష్టంలేక క్రోన్‌లతో ఒప్పందం చేసుకుంది, ఏడాది ఊడిగం చేయడానికి సిద్ధపడింది. క్రోన్‌ల గుర్తు పడి చేతులు కాలినా సరే, ఆ ఇంట్లో ఉండకూడదనుకుంది.

అలాంటి మనిషికి మతి పోయాక, కాదనే నోరు లేకుండా పోయాక, అదే మొగుడి చేతికి అప్పగించి పంపేదాన్ని మీరు మంచి ముగింపు అంటున్నారు. ఇద్దరూ ఎన్ని పోస్టులు రాశారు! పుస్తకం, గుర్రం, బాణం, సేవ్ ఫైల్. అన్నా ఏమనుకుంటుందని ఒక్కరు అడగలేదు.

పాతసేవ్‌ఫైల్

అంటే నేను ఆడవాళ్లను కొట్టేవాళ్ల తరఫున మాట్లాడుతున్నానా? ఎక్కడ రాశాను ఆ మాట, చూపించండి. పోయిన బిడ్డ పిశాచంగా మారి వస్తే, దాన్ని చేతుల్లో ఎత్తుకుని కోట గుమ్మం దాకా నడిచి, డేయా అని పేరు పెట్టి పాతిపెట్టింది ఆ మనిషే. దార్లో అది ఎక్కడ మీద పడుతుందోనని గెరాల్ట్ ఆక్సీ అనే మంత్రం వేసి శాంతపరుస్తుంటాడు. ఆ సీన్ చూసి కూడా ఆ మనిషికి మారే అవకాశం లేదంటే మీ గుండె రాయి.

సైడ్‌క్వెస్ట్‌రాణి

మారొద్దని ఎవరన్నారు? కొండల్లో కూర్చుని ఒంటరిగా మారొచ్చు. ఆమెను వెంటేసుకునే మారాలా?

మా అక్క ఇలాగే ఇల్లు వదిలి వచ్చేసింది. పెద్దవాళ్లంతా చేరి 'మానేశాడమ్మా, మొహం చూడు ఎలా వాడిపోయిందో' అని మళ్లీ పంపారు. అతని వాడిపోయిన మొహం అందరికీ కనిపించింది. మా అక్క అప్పుడు గదిలోనే ఉంది, ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. తర్వాత ఏమైందో ఇక్కడ రాయను. మీ ఆఫీసు కథ మీరు చెప్పారు కాబట్టి నాదీ చెప్పా.

డైస్20

…

వెండికత్తి

రాణి గారూ, మీరన్నది గేమ్‌లోనే ఉంది కదా. కూతురు టమారా తండ్రిని క్షమించదు, ఆక్సెన్‌ఫర్ట్ నగరం వెళ్లి మంత్రగత్తెల్ని వేటాడే విచ్ హంటర్లలో చేరిపోతుంది. రచయితలు ఆ గొంతు వినిపించారు. రెండు ముగింపుల్లోనూ కోట బారన్ కింద పనిచేసిన సార్జెంట్ చేతిలోకే పోతుంది, వాడి మనుషులు జనాన్ని దోచుకుంటారు. దేనికీ మంచి ముగింపు అని వాళ్లు ముద్ర వేయలేదు. వేసింది మనం.

సైడ్‌క్వెస్ట్‌రాణి

కూతురి గొంతు వినిపించారు, నిజమే. తల్లిది? మన ముందుకొచ్చిన ఎంపిక చెట్టు గురించి. అన్నా ఎవరి దగ్గర ఉండాలన్నది అసలు ఎంపికగానే రాదు, చెట్టు సంగతి తేలితే దాని వెనకే అదీ తేలిపోతుంది. నాకు గేమ్ మీద ఉన్న కోపం అదొక్కటే.

పాతసేవ్‌ఫైల్

మరి నేను మొదట్నుంచీ అంటున్నదీ అదేగా, గేమ్ ఆటగాడికి సరైన ఎంపిక ఇవ్వలేదని. ఇంతకీ మీరేం ఎంచుకున్నారు?

సైడ్‌క్వెస్ట్‌రాణి

వదిలేశా. పిల్లల కోసం. అన్నా పోయింది, అదీ నాకు నచ్చలేదు. సేవ్ మాత్రం లోడ్ చేయలేదు.

మీరంటున్నదీ నేనంటున్నదీ ఒకటి కాదు. మీకు చెప్పలేదని మీ గొడవ. ఆమెను అడగలేదని నాది.

పాతసేవ్‌ఫైల్

మతి లేని మనిషిని ఏమని అడుగుతారు చెప్పండి. మాట్లాడలేదు, మనుషుల్ని గుర్తుపట్టలేదు. చిత్తడిలో వదిలేసి రావాలా?

సైడ్‌క్వెస్ట్‌రాణి

మతి ఉన్నప్పుడే జవాబు చెప్పింది కదండీ. రాత్రికి రాత్రి కూతుర్ని తీసుకుని ఇల్లు వదిలింది.

మ్యాప్‌తిప్పినోడు

టమారాతో పంపే ఆప్షన్ ఉంటే బాగుండేది.

వెండికత్తి

విచ్ హంటర్ల మధ్య, మంత్రగత్తెల గుర్తు చేతుల మీద ఉన్న మనిషిని? ఒక్క రోజు బతకనిస్తారా?

సైడ్‌క్వెస్ట్‌రాణి

ఇది బాగా అడిగారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. కనీసం ఈ ప్రశ్న గేమ్‌లో వచ్చి ఉంటే ఆ సందిగ్ధానికి విలువ ఉండేది.

మోడరేటర్

రిపోర్టులు వచ్చాయి. వ్యక్తిగత విషయాల జోలికి వెళ్లకుండా కొనసాగించండి. 'గుండె రాయి' మాట తీసేశాను.

పాతసేవ్‌ఫైల్

తీస్తే తీశారు. రాణి గారూ, అది మీ ఇంటి సంగతి తెలియక ముందు రాసింది, తెలిసుంటే రాసేవాణ్ని కాదు. బారన్ విషయంలో మాత్రం నా మాట మారదు. వెండికత్తి గారి పుస్తకం లెక్క కూడా తేలలేదు. కొత్త గేమ్ మొదలుపెట్టి చెట్టు దగ్గరికి వెళ్లేలోగా అది చేతికి వస్తుందో లేదో స్క్రీన్‌షాట్లతో పెడతా.

వెండికత్తి

పెట్టండి. ఇన్వెంటరీ మొత్తం కనబడాలి, కత్తిరించినవి ఒప్పుకోను.