గీతలు పడిన ఆడియో సీడీలను లినక్స్‌లో కాపీ చేయడం ఎలా?

నమస్కారం అండి. మా నాన్నగారి దగ్గర నలభై దాకా కర్ణాటక సంగీత కచేరీల సీడీలు ఉన్నాయి. ఆయనకు చూపు తగ్గింది, సీడీలు మార్చుకోవడం కష్టమవుతోంది. అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇద్దామని నా ఆశ.

నా లాప్‌టాప్‌లో లినక్స్ మింట్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ తగిలించి, అసుండర్ అనే సీడీ కాపీ ప్రోగ్రామ్‌తో పాటలు తీస్తున్నాను. ముందు ఎంపీ3లో తీశాను గానీ, ఆలాపన నుంచి కృతిలోకి వెళ్లేటప్పుడు ట్రాక్ మారే చోట చిన్న ఖాళీ వస్తోంది. రాగం అలా తెగితే నాన్నగారు అసలు వినలేరు. నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫార్మాట్‌లో ఆ ఇబ్బంది లేదు.

చిక్కల్లా ఒక పాత సీడీతోనే. ఏడో ట్రాక్ దగ్గర గంటన్నర అయినా కదలదు. మెత్తని బట్టతో మధ్య నుంచి అంచు వైపు తుడిచాను. టెర్మినల్‌లో తప్పులు సరిచూస్తూ సీడీని చదివే సీడీపారనోయా ప్రోగ్రామ్ నడిపి, చదివే వేగం 4xకి తగ్గించాను. లాభం లేదు. తప్పులు సరిచూడటం ఆపేస్తే ట్రాక్ పూర్తవుతోంది, కానీ మధ్యలో టిక్ టిక్‌మని శబ్దం. ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన తోడి రాగం అదే, అందుకే ఇంత టెన్షన్.

వేరే డ్రైవ్‌లో పెడితే చదివే అవకాశం ఉందా? విప్పర్ అనే మరో సీడీ కాపీ ప్రోగ్రామ్ వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? పాలిష్ చేయిస్తే సీడీ ఇంకా పాడవుతుందేమోనని భయంగా ఉంది.

ఇంకొకటి, ఈ సీడీలలో చాలావాటి వివరాలు మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే ఆన్‌లైన్ సంగీత వివరాల భాండారంలో దొరకడం లేదు. కృతి, రాగం, తాళం తెలుగులోనే టైప్ చేసుకుంటాను. వాటిని ఒకేసారి ఫైళ్లలోకి ఎక్కించే తేలిక దారి ఉంటే దయచేసి చెప్పండి.