నాన్న డయాలసిస్ ఫోటో తీసేశారు, ఎవరికి చెప్పుకోవాలి?

కవిటి కొబ్బరితోట:
అందరికీ నమస్కారం. మాది ఉద్దానం, కవిటి దగ్గర ఊరు. నాన్నకి రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్, పొద్దున్నే బస్సెక్కి పలాస వెళ్తే ఇంటికొచ్చేసరికి సాయంత్రం. మా పక్క కిడ్నీ జబ్బు సంగతి 1990ల నుంచీ తెలిసిందే, ఎందుకొస్తోందో మాత్రం ఇప్పటికీ గట్టిగా తేలలేదు. కిందటి వారం నాన్న చెయ్యి ఫోటో పెట్టాను. ఫిస్టులా దగ్గర, అంటే డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసిన చోట, నరం తాడులా ఉబ్బి ఉంది, రెండు సూదులు, రక్తం తిరుగుతున్న ట్యూబులు. కింద అమ్మ అన్న మాటే రాశాను, "ఈ నీల్లు తాగి ఇంకెంతమందిమి సావాల?" అని. గంట తిరక్కుండా పోస్టు తీసేశారు. ఆత్మహత్యను ప్రోత్సహిస్తున్నానని కారణం చూపించారు. అప్పీలు నొక్కితే నాలుగు నిమిషాల్లో "మళ్లీ పరిశీలించాం, మార్పు లేదు" అని వచ్చింది. పైగా నెల రోజులు ఏమీ పెట్టకుండా ఖాతా ఆపేశారు. చుట్టుపక్కల డయాలసిస్ ఇళ్లవాళ్లం మందులు ఎక్కడ దొరుకుతున్నాయో, ఎవరికి రక్తం కావాలో ఆ పేజీలోనే చెప్పుకుంటాం. యాప్ పేరు రాయను, నాకు పోస్టు తిరిగి రావాలి, అంతే. ఎవరిని అడగాలి?

నాగావళి గట్టు:
తమ్ముడూ, నేను శ్రీకాకుళం కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. యాప్‌లో అప్పీలు నొక్కి ఊరుకోకు. 2021 ఐటీ రూల్స్ ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే ఫిర్యాదులు చూసే అధికారి పేరు, వివరాలు కంపెనీ తన సైట్లో పెట్టాల్సిందే. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి. 50 లక్షలు దాటి యూజర్లున్న పెద్ద కంపెనీ తనంతట తాను పోస్టు తీసేటప్పుడు ఎందుకు తీస్తోందో ముందే తెలిపి, నీ వాదన చెప్పుకోనివ్వాలని రూల్ 4(8)లో ఉంది, ఆ నంబరు వేసి మరీ రాయి. ఆఫీసర్ జవాబుతో తృప్తి లేకపోతే 30 రోజుల్లోపు గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లొచ్చు. 2023 మార్చి 1 నుంచి నడుస్తోంది, అంతా ఆన్‌లైనే, ఢిల్లీ తిరగక్కర్లేదు. అయితే ఆ కమిటీలను వేసేది కేంద్ర ప్రభుత్వం. ప్రభుత్వాన్ని నిలదీసిన పోస్టు ఉండాలా పోవాలా అన్నది కూడా వాళ్లే తేల్చడం నాకు మొదటి నుంచీ మింగుడుపడలేదు. స్క్రీన్‌షాట్లు తేదీ, టైము కనిపించేలా దాచు.

బొబ్బిలి వీణ:
ఏ పోస్టు ఉంచాలో ఏది తీయాలో చూసే పని నేను హైదరాబాద్‌లో ఏడాదిన్నర చేశాను, ఎక్కడో చెప్పను. మెషీన్ అనుమానపడ్డవి వరసగా వస్తూనే ఉంటాయి, ఒక్కోదానికి నిమిషం కూడా ఉండదు, రోజు టార్గెట్ నెత్తిమీద ఉంటుంది. తెలుగు వస్తే చాలనుకుంటారు గానీ ఏ జిల్లా తెలుగు అని ఎవరూ అడగరు. మన పక్క ఎండకి కూడా "ఓలమ్మ సచ్చిపోనాను" అంటాం కదా, అలాంటి పోస్టు ఒకటి నేను తీయకుండా వదిలేస్తే చెకింగ్‌లో నాకే తప్పు వేశారు. ఆ రోజు ఇంటికెళ్లి ఏడ్చాను. కాబట్టి మెయిల్‌లో అమ్మ మాటకి అర్థం విడమరిచి రాయండి, ఇది ప్రాణం తీసుకుంటాననడం కాదు, నీళ్ల గురించి అడగడం అని. చదివేవాళ్లు ఎక్కడివాళ్లో తెలీదు.

సిరిమాను వీధి:
మాది విజయనగరం, స్కూల్లో సోషల్ చెప్తాను. పోస్టులు తీయడమే తప్పని మాత్రం అనుకోవద్దు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయని వాట్సాప్‌లో పుకార్లు తిరిగి అమాయకుల్ని కొట్టి చంపారు, ఆ తర్వాతే మన దేశంలో ఫార్వర్డ్ ఐదు చాట్లకి కుదించారు. తీసేవాళ్లు ఉండాలి, వాళ్ల మీద అడిగేవాళ్లూ ఉండాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులకైతే ఓవర్‌సైట్ బోర్డు ఉంది, కంపెనీ పోస్టు తీయడం సరైందా కాదా అని బయటివాళ్లు చూసి తేల్చే బోర్డు. బ్రెజిల్‌లో రొమ్ము క్యాన్సర్ లక్షణాలు చూపించిన ఫోటోల్ని మెషీన్ నగ్నత్వం కింద తీసేస్తే, అది తప్పని 2021 జనవరిలో చెప్పింది ఈ బోర్డే. తీసింది మెషీన్ అయితే ఆ సంగతి మనిషికి చెప్పాలని కూడా అడిగింది. మీ నాన్నగారి చెయ్యి ఫోటో చదవగానే నాకు ఆ కేసే గుర్తొచ్చింది. అదే ఏప్రిల్‌లో ఒక పంజాబీ పోస్టు కేసులో, కంపెనీ రూల్స్ పంజాబీలో లేనే లేవని బోర్డు ఎత్తి చూపింది. తనకి తెలిసిన భాషలో రాసి లేని రూల్ తప్పావని మనిషిని శిక్షిస్తే ఎలా? మాట్లాడే హక్కుకి అడ్డు పెట్టాలంటే రూల్ స్పష్టంగా ఉండాలి, అవసరం ఉండాలి, అవసరానికి మించకూడదు, బోర్డు చూసేది ఇదే. కాకపోతే వచ్చిన అప్పీళ్లలో చాలా కొద్దే తీసుకుంటారు. తీసుకున్న పోస్టు మీద తీర్పుకి కంపెనీ కట్టుబడాలి, మిగతా సిఫార్సులు పాటించి తీరాలని లేదు.

కవిటి కొబ్బరితోట:
నాగావళి అన్నా, నిన్న రాత్రి మెయిల్ పెట్టాను, రూల్ 4(8) వేసే రాశాను, పొద్దున్నకి ఫిర్యాదు నంబరు వచ్చింది. వీణ గారూ, మీరన్నట్టే అర్థం రాద్దామని అమ్మని అడిగితే కోపమొచ్చింది. "నాను సస్తానన్నానేటి? ఈ నీల్లు మనల్ని సంపేత్తన్నాయన్నాను" అంది. ఆ మాట ఉన్నదున్నట్టు రాసి, కింద మామూలు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి పెట్టాను. రేపు నాన్నతో పలాసలో ఉంటాను, జవాబొస్తే రాత్రికి ఇక్కడే పెడతాను.