మైక్రోగ్లియాకు ‘విశ్రాంతి స్థితి’ అనేది నిజంగా ఉంటుందా?

ప్రశ్న (బీఎస్సీ విద్యార్థి, మహబూబ్‌నగర్): మెదడులోని రోగనిరోధక కణాలైన మైక్రోగ్లియా మామూలుగా ‘విశ్రాంతి స్థితి’లో ఉంటాయనీ, దెబ్బ తగిలితే ‘ఉత్తేజిత స్థితి’కి మారతాయనీ మా నోట్సులో ఉంది. రక్తంలోని తెల్ల కణాలకు మెదడులోకి సులువుగా దారి దొరకదంటారు. మరి లోపల కాపలా ఉన్నవి కూడా విశ్రాంతిలో ఉంటే, ఎక్కడ ఏం జరిగిందో వాటికి ఎలా తెలుస్తుంది?

జవాబు (జంతుశాస్త్ర అధ్యాపకుడు, నల్లగొండ): తమ్ముడూ, ఆ మాట పాతకాలపుది. 1919లో స్పెయిన్‌కు చెందిన ఓర్తేగా వెండి లవణంతో రంగెక్కించి ఈ కణాలను గుర్తించినప్పటి నుంచి చాలాకాలం జీవం పోయిన కణజాలాన్నే చూశారు కనుక, అందులో కదలిక కనిపించే అవకాశమే లేదు. 2005లో బతికున్న ఎలుకల మెదడును పరిశీలించినప్పుడు, కణదేహం ఉన్నచోటే ఉన్నా దాని సన్నని కొమ్మలు నిమిషనిమిషానికీ సాగుతూ, ముడుచుకుంటూ చుట్టుపక్కల తడుముతున్నట్టు తేలింది. మన ఊళ్లలో నీరటి చెరువుకట్ట మీద తిరుగుతూ ఎక్కడ బుంగ పడిందో చూసుకున్నట్టే అనుకో. లేజరుతో చిన్న గాయం చేస్తే, చుట్టూ ఉన్న కొమ్మలు అరగంటలోపే దాన్ని కమ్ముకున్నాయి. వాటిని పిలిచేది కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు. కణం లోపల ఉండాల్సిన ఈ పదార్థం బయట ఎక్కువగా కనిపించిందంటే, దగ్గర్లో ఏదో కణం పగిలిందన్నమాట. దాన్నీ, దాని నుంచి వచ్చే ఏడీపీనీ మైక్రోగ్లియా మీది పీ2వై12 గ్రాహకం (సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) పసిగడుతుంది.

జవాబు (వైద్య విద్యార్థిని, వనపర్తి): సార్ పోలిక బాగుంది కానీ, కొంతదూరమే పనికొస్తుంది. నీరటి పైరును కోయడు. మైక్రోగ్లియా మాత్రం ఎదిగే మెదడులో కాంప్లిమెంట్ అనే రోగనిరోధక ప్రోటీన్ల గుర్తు పడిన సినాప్సులను (నాడీకణాల మధ్య సంధులను) మింగేసి నాడుల అల్లికను సరిచేస్తాయి. పైగా అన్ని సంకేతాలూ ప్రమాదం గురించినవి కావు. ఆరోగ్యంగా ఉన్న నాడీకణాలు ఫ్రాక్టల్‌కైన్ వంటి ప్రోటీన్లతో వాటిని శాంతంగా ఉంచుతాయి. ఆ సంకేతం తగ్గడమే ఒక హెచ్చరిక. బ్యాక్టీరియా గోడ ముక్కలు తగిలితే టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్‌-1 వంటి, వాపు రేపే సంకేత ప్రోటీన్లు విడుదలవుతాయి. కొవ్వు శిథిలాలనైతే ట్రెమ్2 గ్రాహకం గుర్తిస్తుంది. ఈ ట్రెమ్2 జన్యువులోని ఒక అరుదైన మార్పు ఆల్జీమర్స్ ముప్పును పెంచుతుందని 2013లో వెల్లడైంది. ఇన్ని రకాల స్పందనలను రెండే స్థితులుగా విడదీయడం నాకు సమంజసంగా తోచదు.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలు సార్, ధన్యవాదాలు అక్కా. మరి పరీక్షలో ఏమని రాయమంటారు?

జవాబు (నల్లగొండ): నోట్సులోని మాటే రాసి, దాని పక్కనే ‘నిరంతర పర్యవేక్షణ స్థితి అనడం మరింత సరైనది’ అని చేర్చి, 2005 పరిశీలనను ఒక్క వాక్యంలో ప్రస్తావించు. పేపరు దిద్దేవారు నోట్సునే నమ్ముకున్నవారైనా మార్కులు పోవు.