సమస్యాపూరణం: కోర్కె లేని చోటఁ గోర్కె మెఱసె

ఈసారి వస్తువు ప్రాచీన గ్రీకులో కోరికను చెప్పే క్రియారూపం, ఆప్టేటివ్. సంస్కృతం చదివినవారికి ఇది లిఙ్ అనే క్రియారూపానికి చుట్టమే: అక్కడ భరేత్, ఇక్కడ ఫెరొయ్. ఛందస్సు ఆటవెలది, నాలుగో పాదం పైనే ఉంది. కానివ్వండి.

మొదటి పూరణ

అతఁడు వచ్చె ననుచు నానాడు చెప్పిన
గ్రీకు వాని పలుకుఁ గెలికి చూడ
గతపు నీడ సోకి కడకు నొయిఁ దొడిగె;
కోర్కె లేని చోటఁ గోర్కె మెఱసె.

నిర్వాహకుడు: భేష్! విరోధం చక్కగా తీరింది. "వచ్చాడు" అంటే ఏల్థె. "వచ్చాడని చెప్పాడు" అన్నప్పుడు అదే ఎల్థొయ్ కావచ్చు. అందులో కోరిక ఏమీ లేదు, ఒకరి మాటను చేరవేయడమే. ప్రధాన క్రియ భూతకాలంలో ఉంటేనే ఈ మార్పు. "గతపు నీడ" ఆ షరతునే పట్టుకుంది. అయితే ఇది ఐచ్ఛికం. ప్రాచీన గ్రీకు రచయిత జెనొఫోన్ గద్యంలో మామూలు రూపమూ కనిపిస్తుంది. "గెలికి" మాత్రం కాస్త మోటుగా ఉంది.

కవి: అది తీసేస్తే "గ్రీ"కి యతి ఎక్కణ్ణుంచి తేవాలండీ?

రెండో పూరణ

పాత రూపమెల్ల వాడుక దప్పిన
వేళఁ బౌలు లేఖ విప్పినంత
మాటిమాటి కచట మే గెనొయితొ యని
కోర్కె లేని చోటఁ గోర్కె మెఱసె.

నిర్వాహకుడు: ఊహ బాగుంది. కొత్త నిబంధన నాటి గ్రీకులో ఆప్టేటివ్ చాలా అరుదు. అయినా రోమీయులకు రాసిన పత్రికలోనే "మే గెనొయ్తొ", అంటే "అలా జరగకుండు గాక", 10 సార్లు వస్తుంది. "పాపంలోనే ఉండిపోదామా?" లాంటి ప్రశ్నలను పౌలు దానితోనే కొట్టిపారేస్తాడు. కాని మూడో పాదంలో యతి తప్పింది. "మా"కు "మే" చెల్లదు. "మెండు సార్లు మ్రోగ" అంటే సరిపోతుంది.

మరో సభ్యుడు: "ఎల్ల" ఎక్కువైందేమో? పూర్తిగా పోలేదు కదా.

మూడో పూరణ

అన్ను తోడు నిలువ నర్థమే మారెను
సాధ్యమైన దెల్లఁ జాటు నదియె
అచ్చు సాగదీసి యాశను పలికించు;
కోర్కె లేని చోటఁ గోర్కె మెఱసె.

నిర్వాహకుడు: "అన్ను" అంటే గ్రీకులో క్రియకు తోడుగా వచ్చే "అన్" అనే చిన్న పదం. గణాలు, యతి సరే, వ్యాకరణమే దెబ్బతింది. అచ్చును సాగదీసేది సబ్జంక్టివ్ అనే మరో క్రియారూపం: లూఓమెన్. ఆప్టేటివ్‌లో ఇకారం చేరుతుంది: లూఒయ్మెన్. "అచ్చు వెంట నిత్వ మాశను పలికించు" అని మార్చండి.

కవి: మార్చేశానండీ. "అన్" లేకపోతే ఏమవుతుంది?

నిర్వాహకుడు: ప్రధాన వాక్యంలో అయితే ఉత్త కోరికే. లూఒయ్మి అంటే "విప్పుదును గాక". అన్ చేరితే "విప్పవచ్చు", "విప్పగలను". మీ మొదటి రెండు పాదాలు చెప్పింది ఇదే.