అప్‌డేట్: పాత ట్రక్ రాకర్ ప్యానెల్ ఊడొచ్చింది

తలుపు కింద గడపలా పొడవుగా ఉండే రేకు, అదే తుప్పు తిన్న రాకర్ ప్యానెల్‌ను లోపలి రేకు చెడకుండా ఎలా ఊడదీయాలని అడిగాను కదా, పని అయింది. ముందుగా తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప గొట్టం వెల్డ్ చేయమన్నవాళ్లకు దండం. అది లేకుండా కోసుంటే క్యాబిన్ కుంగి, తలుపు మళ్లీ సరిగ్గా పడేది కాదేమో.

రెండు రేకులను చుక్కలు చుక్కలుగా అతికే స్పాట్ వెల్డులు మొదట కనిపించనే లేదు. వైర్ బ్రష్‌తో పెయింటూ సీలరూ గీకేసి, అంచు మీద శాండ్‌పేపర్ రుద్దితే గుండ్రటి గుంటలు బయటపడ్డాయి. ఒక్కోదాని నడుమ పంచ్ కొట్టి, 8 మి.మీ. స్పాట్ వెల్డ్ కట్టర్ పెట్టాను. పై రేకు తెగగానే వెల్డ్ చుట్టూ సన్నటి తుప్పు గీత ఉంగరంలా కనిపిస్తుంది, అక్కడే ఆపేయాలి. రేకు మరీ పలచబడ్డచోట కట్టర్ నిలవదు, గ్రైండర్‌తో అరగదీయడమే. రేకులు విడదీయడానికి ఉలి పలచటిదే వాడండి, మందపాటిది అంచును వంకర చేస్తుంది.

లోపలి రేకు చాలావరకు గట్టిగానే ఉంది, వెనక మూల తప్ప. అక్కడ అతుకు పడాలి. మిగతా అంచులకు వెల్డ్-త్రూ ప్రైమర్ (పైనుంచే వెల్డ్ చేయగలిగే, తుప్పు పట్టకుండా కాపాడే పూత) కొట్టేశాను. కొత్త ప్యానెల్ పూర్తిగా వెల్డ్ అయ్యేదాకా ఆ అడ్డగొట్టం మాత్రం తియ్యను.